కప్ప లేని ప్రయోగశాల: ఒక విమర్శ

మీ తోటి విద్యార్థుల్లో వయసులో పెద్దవారిని కప్ప విచ్ఛేదన గురించి అడిగి చూడండి. చాలామందికి ముందు గుర్తుకొచ్చేది క్లోరోఫాం వాసన. గుండెలో ఎన్ని గదులో తరువాత, కాస్త ఆలోచించి చెబుతారు. ఈ భాగాన్ని చదివేటప్పుడు ఆ తేడాను గుర్తుంచుకోండి.

జంతు హింసా నివారణ చట్టం 1960లోనే వచ్చింది. పుస్తకాలు, నమూనాలు, చలనచిత్రాల వంటి సాధనాలు సమానంగా పనికివచ్చేచోట కళాశాలల్లో జంతువులపై ప్రయోగాలు మానుకోవాలని దాని 17వ సెక్షన్ సూచిస్తుంది. అయినా జంతుశాస్త్ర తరగతుల్లో కత్తెరలు ఆగలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011లో దశలవారీ మార్గదర్శకాలు, 2014లో మరింత కచ్చితమైన ఆదేశాలు ఇచ్చాకే పరిస్థితి మారింది. ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? చట్టంలోని ‘సమానంగా’ అన్న మాటను ఎవరికి తోచినట్టు వారు చదువుకున్నారు.

చేతితో కోస్తేనే నేర్చుకుంటామన్నది పాత వాదం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఆ తరగతిలో నిజంగా ఏం జరిగేదో చూడండి. మైనపు పళ్లెంలో కప్పను వెల్లకిలా గుండుసూదులతో బిగించి, పొట్ట మధ్యగా కోసేవారు. తొందరపడి ఉదర సిర తెగితే పళ్లెమంతా రక్తం, ఇక ఏమీ కనిపించదు. అప్పుడు రికార్డులో బొమ్మ ఎక్కడి నుంచి వచ్చేది? పాఠ్యపుస్తకం నుంచి! పరిశోధకుడి ప్రయోగం ఇంకా ఎవరికీ తెలియని జవాబు కోసం. తరగతి గదిలోని కోతకు జవాబు ముందే అచ్చయి ఉంది. రసెల్, బర్చ్ 1959లో పరిశోధన గురించి రాస్తూ ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అన్న మూడు సూత్రాలు చెప్పారు. వాటిలో మొదటిది అన్నిటికంటే సులభంగా అమలయ్యే చోటు తరగతి గదే.

అలాగని తెరమీది కప్పలన్నీ మంచివే అనుకోకండి. కొన్నింటిలో మౌస్ నొక్కితే చాలు, చర్మం తొలగుతుంది, అవయవం పేరుతో సహా వెలుగుతుంది. తప్పు చేసే వీలే ఉండదు. సిరాసరణి గుండెకు వెనుకవైపు ఉంటుంది. గుండెను పైకెత్తితేగాని కనపడదు. ఆ బొమ్మ దానంతటదే వచ్చేస్తే, దాన్ని వెతకాలన్న సంగతే విద్యార్థికి తెలియదు. ఇది పాత రికార్డు పుస్తకానికి రంగులద్దడమే.

మందుల ప్రభావం బోధించడానికి పుదుచ్చేరి జిప్‌మర్‌లో రూపొందిన ఎక్స్‌ఫార్మ్ వేరే దారి చూపింది. తెలిసిన మందులతో కప్ప గుండె మీద, కుందేలు కంటి మీద సాధన చేశాక, పేరు చెప్పని మందును ఇస్తుంది. మార్పులను నమోదు చేసి అదేమిటో మీరే తేల్చాలి. నా దృష్టిలో ప్రత్యామ్నాయానికి గీటురాయి ఇదే: అది మీకు జవాబు చూపుతోందా, ప్రశ్న ఇస్తోందా?

స్పర్శ మాత్రం తెర ఇవ్వలేదు. జఠరిక గోడ మందం, కర్ణిక పలుచదనం వేళ్లకే తెలియాలి. మాంసం దుకాణంలో దొరికే మేక గుండెతో ఆ పని జరుగుతుంది. పాఠం కోసం ఏ ప్రాణినీ చంపనక్కరలేదు. దాన్ని ముట్టుకోవడం ఇష్టంలేనివారు మీలో ఉంటారు. వారిని బలవంతపెట్టకూడదు, మార్కులూ తగ్గించకూడదు. ఏడాదిలో కొద్ది రోజులే ప్రయోగశాలకు వచ్చే దూరవిద్యార్థులు ఈసారి సంప్రదింపు తరగతికి వెళ్లినప్పుడు, అక్కడి నమూనాలో గుండె పైకి లేస్తుందో లేదో ఎత్తి చూడండి.