స్కిమ్మర్‌కి సగం దాకా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయో లేదో గానీ, ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లు మాత్రం కళ్లముందే తరిగిపోతాయి. మొయినాబాద్ వైపు ఇళ్లలో కనిపించే 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు పూల్‌నే తీసుకోండి. అందులో అంగుళం నీళ్లంటే వెయ్యి లీటర్ల పైమాటే. మే ఎండకి వడగాలి తోడైతే రోజుకి పావంగుళం ఆవిరైపోవడం మామూలు. ఆ లెక్కన 5,000 లీటర్ల ట్యాంకర్ మూడు వారాలు కూడా రాదు. కవర్ కప్పితే నష్టం బాగా తగ్గుతుంది. మా వీధిలో కవర్లు కొన్నవాళ్లు లేకపోలేదు. కాకపోతే రోజూ పరిచి, చుట్టే ఓపిక ఎవరికుంది?

నీళ్లు ఎంత ఉండాలో తెలుసుకోవడానికి టేపు అక్కర్లేదు. పైన తేలే చెత్తని లాగేసుకునే, గోడలోని స్కిమ్మర్ నోటికి సగం దాకా ఉంటే చాలు. అంతకన్నా దిగితే నీళ్లతోపాటు గాలి కూడా లోపలికి పోతుంది. మా పూల్ చూసే కుర్రాడు పంపు గది తలుపు తీయకుండానే, చప్పుడు విని, "మోటర్ ఎయిర్ పట్టింది సార్" అంటాడు. తీసి చూస్తే పంపు మూత కింద బుడగలు సుడి తిరుగుతుంటాయి. అలాగే వదిలేస్తే సీలు కాలిపోతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే ఇంకో తంటా. స్కిమ్మర్ నోరు మునిగిపోయి, వేపాకులు దాని పక్కనుంచే తేలుకుంటూ పోతాయి.

సంపుకి పెట్టినట్టు దీనికీ ఫ్లోట్ వాల్వ్ పెట్టించుకోమంటారు చాలామంది. నాకు నచ్చదు. నీళ్లు ఆవిరైనా అదే నింపుతుంది, పైపు లీకైనా అదే నింపుతుంది. బోరు నీళ్లు భూమిలోకి పోతున్న సంగతి ఎవరికీ తెలియదు. పైపు పట్టుకుని నేనే నింపితే, పోయిన వారం కన్నా ఈ వారం ఎక్కువసేపు నిలబడ్డానని కాళ్లే చెబుతాయి.

అలా అనుమానం వచ్చినప్పుడు బకెట్ పెట్టడమే. పూల్ నీళ్లతోనే నింపి, కదలకుండా అడుగున రాయి వేసి, పై మెట్టు మీద ఉంచాలి. బకెట్ లోపలి మట్టానికో గీత, బయట పూల్ మట్టానికో గీత. మర్నాడు అదే వేళకి రెండూ సమానంగా దిగితే ఎండ పనే. బయటిది ఎక్కువ దిగితే లీకేజీ వెతికేవాళ్లని పిలవాలి. ఆ ఒక్కరోజూ ఎవరూ పూల్‌లో దిగకూడదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలున్న ఇంట్లో అసలు కష్టం అదే.

లెక్కలోకి రానిది ఇంకొకటుంది. ఆవిరయ్యేది నీరొక్కటే, బోరు నీళ్లలోని ఉప్పూ సున్నమూ ఎక్కడికీ పోవు. మళ్లీ పోసేదీ బోరు నీళ్లే కాబట్టి ఎండాకాలం ముగిసేసరికి టైల్స్ మీద నీటిగీత పొడవునా తెల్లటి గార పడుతుంది. అందుకే మృగశిర వానలు మొదలయ్యాక, ఫిల్టర్ మరీ బిగుసుకుపోతే తప్ప, దానిలోకి నీళ్లు ఎదురు పంపి మురికిని బయటికి తోసే బాక్‌వాష్ వాన పడిన మర్నాటికే ఉంచుతాను. పెరిగిన మట్టం దిగుతుంది, ఫిల్టర్‌లోని ఇసుకా శుభ్రపడుతుంది, పాత ఉప్పునీళ్లు కొన్ని పోయి వాన నీళ్లు మిగులుతాయి.