రెండు పేర్ల ఊరి జట్టు

స్లొవేకియా దక్షిణపు అంచున, డాన్యూబ్ నది ప్రధాన పాయకూ, చిన్న డాన్యూబ్ అని పిలిచే ఉత్తరపు పాయకూ మధ్య విస్తరించిన సారవంతమైన లంకభూమిలో సుమారు 23,000 జనాభా గల ఒక పట్టణం ఉంది. దానికి స్లొవాక్ భాషలో దునైస్కా స్ట్రెడా అనీ, హంగేరియన్ భాషలో దునసెర్దహెయ్ అనీ రెండు పేర్లున్నాయి. రెండు పేర్లనూ విడదీసి చూస్తే రెంటిలోనూ కనిపించేవి డాన్యూబూ, బుధవారమూ; పూర్వం ప్రతి బుధవారం అక్కడ సంత సాగేది కనుక ఊరికి ఆ పేరు స్థిరపడింది. హంగేరియన్లు బుధవారాన్ని పిలిచే 'సెర్ద' అన్న మాట కూడా నిజానికి వారి భాషలో పుట్టినది కాదు, వారం నడిమి రోజు అనే అర్థంలో స్లావ్ భాషల నుంచి శతాబ్దాల కిందట వచ్చి చేరినది. ఈ రెండు పేర్లలో ఏది అసలుదని గత నూరేళ్లలో ఎందరో వాదించుకున్నారు గాని, ఆ పేర్లు మాత్రం ఒకదాని ఇంట ఒకటి పెరిగినవే. ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ చరిత్రను పరిశీలించే వారు ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే.

క్లబ్ పేరు డీఏసీ 1904. దునసెర్దహెయ్ అథ్లెటిక్ క్లబ్ అనే హంగేరియన్ పేరుకు అది పొడి అక్షరాల రూపం; పక్కనున్న అంకె పుట్టిన సంవత్సరం. ఆ సంవత్సరంలో ఈ ఊరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, హంగరీ రాజ్యపు భూభాగంలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సామ్రాజ్యం కూలిన తరువాత ఈ లంక చెకోస్లొవేకియాలో చేరింది. 1920 జూన్ 4న కుదిరిన ట్రయనాన్ ఒప్పందం ఆ మార్పును ఖాయం చేసింది. హంగరీ తన భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులను, హంగేరియన్ మాతృభాషగా గలవారిలో సుమారు మూడో వంతును సరిహద్దుల అవతల వదులుకోవలసి వచ్చిన ఒప్పందం అది. 1938 నవంబరులో జర్మనీ, ఇటలీ మధ్యవర్తులుగా వియన్నాలో ఇచ్చిన తీర్పుతో ఊరు మళ్లీ హంగరీకి దక్కింది. 1945లో తిరిగి చెకోస్లొవేకియాకు పోయింది. 1993లో ఆ దేశమే రెండుగా విడిపోవడంతో స్లొవేకియాలో భాగమైంది. ఊరు ఉన్నచోటనే ఉండగా గీతలు దాని మీదుగా ఇటూ అటూ నడిచాయి.

ఆ గీతలు నడిచిన ప్రతిసారీ మనుషులకు తగిలిన దెబ్బలలో 1945 తరువాతివి అన్నిటికన్నా కఠినమైనవి. యుద్ధాపరాధం ఒక జాతి మొత్తానిదేనన్న భావనతో నాటి ప్రభుత్వం హంగేరియన్లలో అత్యధికుల పౌరసత్వాన్ని రద్దు చేసింది, హంగేరియన్ బడులను మూసివేసింది, 1946 ఫిబ్రవరిలో హంగరీతో జనాభా మార్పిడి ఒప్పందం చేసుకుని వేలాది కుటుంబాలను నది దాటించింది. మిగిలినవారికి 'పునఃస్లొవాకీకరణ' అనే మార్గం చూపారు; తాము పుట్టుకతో స్లొవాక్‌లమేనని రాసి సంతకం పెట్టినవారికి పౌరసత్వం తిరిగి ఇవ్వడం దాని సారాంశం. పౌరసత్వాలను అందరికీ పునరుద్ధరించడం 1948లో మొదలైంది. మాతృభాషలో నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడటం ప్రమాదమని నేర్చుకున్న ఒక తరం అలా తయారైంది. ఆ తరం పిల్లలూ మనుమలూ గొంతెత్తడానికి ఎంచుకున్న చోటు ఫుట్‌బాల్ గ్యాలరీ కావడం యాదృచ్ఛికమని అనుకోలేము.

ఆటపరంగా క్లబ్ చాలాకాలం చిన్న జట్టుగానే నెట్టుకొచ్చింది. 1985లో అది చెకోస్లొవేకియా మొదటి డివిజన్‌లో అడుగుపెట్టడంతో కథ మారింది. రెండేళ్లు తిరగకముందే, 1987లో, దేశంలోకెల్లా బలమైన స్పార్టా ప్రాగ్ జట్టును ఫైనల్లో పెనాల్టీ కిక్‌లతో ఓడించి చెకోస్లొవాక్ కప్పును గెలుచుకుంది. మరుసటి సీజన్‌లో లీగ్‌లో మూడో స్థానం సంపాదించి, ఆ అర్హతతో యూఈఎఫ్ఏ కప్పులో స్వీడన్ జట్టు ఓస్టర్‌ను దాటి రెండో రౌండ్‌లో బాయెర్న్ మ్యూనిక్‌తో తలపడింది. మ్యూనిక్‌లో 3–1తో, సొంత మైదానంలో 2–0తో ఓడింది. అయినా బాయెర్న్ వంటి జట్టు తమ సంత ఊరికి వచ్చి ఆడటాన్ని ఆ లంకవాసులు విజయంగానే జ్ఞాపకం ఉంచుకున్నారు. ఆ మంచి రోజుల శిక్షకుడిని స్లొవాక్ పత్రికలు కరోల్ పెట్సే అనీ, హంగేరియన్ పత్రికలు పెట్సే కారోయ్ అనీ రాసేవి. ఊరికి రెండు పేర్లున్నట్టే మనిషికీ రెండు పేర్లుండటం అక్కడ నిత్య వ్యవహారం.

తరువాతి రెండు దశాబ్దాలలో క్లబ్ కింది డివిజన్లకు జారడం, మళ్లీ ఎక్కడం, డబ్బుకు ఇబ్బంది పడటం తప్ప ఆటలో చెప్పుకోదగ్గది తక్కువ. చెప్పుకోవలసినది గ్యాలరీలో జరిగింది.

అభిమానుల సామూహిక గానం ఐరోపా ఫుట్‌బాల్‌లో ఒక సాధన. దానికి ముందుండి నడిపేవారు, డప్పు వాయించేవారు, పాటలను ఎంపిక చేసేవారు, కొత్తవారికి నేర్పేవారు ఉంటారు. భజన బృందంలో మాదిరిగానే ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు, ఆ పదిమంది వెంట వేయిమంది. దునసెర్దహెయ్ గ్యాలరీ భాష హంగేరియన్. పదండి, ముందుకు అనే అర్థంలో వాడే 'హయ్రా' అన్న కేకతో మొదలై, కాలక్రమాన 'నేల్క్యులెద్' అనే పాట దగ్గర అది స్థిరపడింది. 'నువ్వు లేకుండా' అని అర్థం వచ్చే ఆ పాటను హంగరీకి చెందిన 'ఇష్మెరోష్ ఆర్త్సోక్', అంటే పరిచిత ముఖాలు, అనే రాక్ బృందం రూపొందించింది. అది ఆట కోసం పుట్టిన పాట కాదు. గోల్ ప్రస్తావన గాని జట్టు పేరు గాని అందులో లేవు. నెమ్మదిగా సాగే లయలో, చెల్లాచెదురైనా తామంతా ఒకరికొకరమనే భావాన్ని చెప్పే పాట అది. పసుపు, నీలం రంగుల మఫ్లర్లను రెండు చేతులతో తలపైకి ఎత్తిపట్టుకుని, డప్పు ఆపి, కేకలు ఆపి, తాతా మనుమడూ పక్కపక్కన నిలబడి ఆ పాట పాడేటప్పుడు స్టేడియం మైదానం కన్నా ప్రార్థనా స్థలానికి దగ్గరగా ఉంటుంది. ఇక్కడి నుంచి ఆ పాట హంగరీలోని గ్యాలరీలకూ పాకింది. పొలిమేరలోని చిన్న ఊరు రాజధానికి పాట నేర్పడం అరుదు, ఇక్కడ అదే జరిగింది.

ఇక్కడే మరొక విషయం గమనించాలి. పాట ఎవరి కోసం పాడుతున్నారో ఆ ఆటగాళ్లలో చాలామందికి ఆ భాష రాదు. ఏళ్ల తరబడి ఈ జట్టు ఎడమ పార్శ్వాన్ని కాపాడిన ఎరిక్ డేవిస్ పనామా దేశస్థుడు. కెప్టెన్‌గా పేరు తెచ్చుకున్న జోల్ట్ కల్మార్ హంగరీలోని గ్యోర్ పట్టణం వాడు. మిగిలినవారిలో స్లొవాక్‌లు, ఇంకా ఎన్నో దేశాలవారు. ఆటగాళ్లు వస్తుంటారు, పోతుంటారు. భాషను నిలబెట్టేది గ్యాలరీ ఒక్కటే. జట్టులో హంగేరియన్లు ఎందరని లెక్కపెట్టి ఈ క్లబ్ హంగేరియన్‌దా స్లొవాక్‌దా అని తేల్చబోయేవారు తప్పు చోట వెతుకుతున్నారు.

ఈ పాటను సరిహద్దు మార్చాలన్న డిమాండ్‌గా వినేవారు స్లొవేకియాలో ఎప్పుడూ ఉన్నారు. 2008 నవంబరు 1న రాజధాని జట్టు స్లోవాన్ బ్రాటిస్లావాతో ఇక్కడ జరిగిన మ్యాచ్‌లో ఆ అనుమానం, వైరం రెండూ బద్దలయ్యాయి. హంగరీ నుంచి కూడా పెద్ద సంఖ్యలో వచ్చిన అభిమానులున్న గ్యాలరీలోకి పోలీసులు లాఠీలతో ప్రవేశించారు. 50 మందికి పైగా గాయపడ్డారు. చర్య చట్టబద్ధమేనని స్లొవాక్ అధికారులు అన్నారు, మితిమీరిన బలప్రయోగమని హంగేరియన్లు అన్నారు. బుడాపెస్ట్‌లో నిరసనలు జరిగాయి. చివరకు రెండు దేశాల ప్రధానులు, రాబర్ట్ ఫిట్సో, ఫెరెంత్స్ గ్యుర్చాన్, నవంబరు 15న సరిహద్దు పట్టణమైన కొమార్నోలో సమావేశమై మాట్లాడుకోవలసి వచ్చింది. ఒక లీగ్ మ్యాచ్ ఇద్దరు ప్రధానులను కలిపిందంటే ఆ గ్యాలరీ మోస్తున్న బరువెంతో ఊహించవచ్చు. ఆనాటి దృశ్యాలను అతివాదులు రెండు వైపులా తమ ప్రచారానికి వాడుకున్నారు. దెబ్బలు తిన్నవారిలో ఆట చూడటానికి మాత్రమే వచ్చినవారు ఉన్నారన్న సంగతి ఆ ప్రచారంలో మరుగున పడింది.

2019 వసంతంలో స్లొవాక్ పార్లమెంటు జాతీయ చిహ్నాల చట్టాన్ని సవరిస్తూ, సంబంధిత విదేశపు అధికార ప్రతినిధి బృందం హాజరు కాని సందర్భాలలో ఆ దేశపు జాతీయ గీతాన్ని పాడటంపై నిషేధం తెచ్చినప్పుడు, అది ఈ స్టేడియంలో వినిపించే హంగరీ జాతీయ గీతాన్ని ఉద్దేశించినదేనని ఊరంతా అర్థం చేసుకుంది. పౌరసత్వం ఒక దేశానిది, భాష మరొక దేశానిది అయిన మనిషికి ఆ గీతం 'విదేశీ'దని చట్టం చెప్పగలదు గాని, అతని నాయనమ్మ అతనికి దాన్ని విదేశీ గీతంగా నేర్పలేదు. 2011 జనగణన ప్రకారం స్లొవేకియాలో హంగేరియన్లు సుమారు 4,58,000 మంది, జనాభాలో 8.5 శాతం. వారిలో అత్యధికులు ఎక్కడికీ వలస పోవాలని గాని గీత జరగాలని గాని కోరడం లేదు. ఉన్న ఊళ్లో ఉన్న గొంతుతో ఉండనిమ్మని అడుగుతున్నారు. పాటలోని విషాదాన్ని విన్నవారెవరైనా అందులో దండయాత్ర వినడం కష్టం.

అయితే ఈ క్లబ్‌ను కేవలం ప్రజల గొంతుగా చిత్రించడం కూడా సగం నిజమే. 2014లో ఓస్కార్ విలాగి అనే వ్యాపారవేత్త చేతికి క్లబ్ వచ్చింది. అప్పట్లో ఆయన హంగరీ చమురు సంస్థ మోల్‌కు అనుబంధమైన స్లోవ్‌నాఫ్ట్‌కు అధిపతి. పాత మునిసిపల్ మైదానం స్థానంలో దాదాపు 12,700 మంది కూర్చునే మోల్ అరీనా వెలిసింది. ఊరి జనాభాలో సగానికి పైగా అందులో పడతారు. పిల్లలకు శిక్షణనిచ్చే అకాడమీకి హంగరీ ప్రభుత్వ నిధులు అందాయి. డబ్బుతో ఫలితాలూ వచ్చాయి: 2018–19, 2020–21, 2022–23 సీజన్లలో జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది, మొదటి స్థానం మాత్రం ఇంకా అందలేదు. నిర్లక్ష్యానికి గురైన ఊరికి మంచి మైదానం రావడం సంతోషించదగ్గదే; కాని బుడాపెస్ట్‌లోని అధికారానికి సరిహద్దు అవతలి హంగేరియన్లు ఓట్లుగా కూడా కనిపిస్తారు, వారిలో ద్వంద్వ పౌరసత్వం పొందినవారికి అక్కడి ఎన్నికలలో ఓటుంది. అయితే స్లొవేకియా 2010లో తెచ్చిన చట్టం ప్రకారం మరో దేశపు పౌరసత్వాన్ని కోరి పొందినవారు స్లొవాక్ పౌరసత్వం కోల్పోయే ప్రమాదం ఉండటంతో, ఈ ఊరివారికి ఆ బంధం రొమేనియా, సెర్బియాలలోని హంగేరియన్లకున్నంత సులువుగా అందలేదు. గ్యాలరీ తనంతట తాను ఎంచుకున్న పాటకు ఎవరి జెండా నీడా పడకుండా చూసుకోవడం ఇకముందు ఆ అభిమానుల ముందున్న కష్టమైన పని.

ఇటువంటి క్లబ్ ఇదొక్కటే కాదు. రొమేనియాలో సెప్షి జట్టు 2022, 2023 సంవత్సరాలలో వరుసగా ఆ దేశపు కప్పును గెలిచింది. సెర్బియాలో బాచ్కా టోపోలా ఊరి టీఎస్‌సీ 2022–23లో లీగ్‌లో రెండో స్థానం పొందింది. వీటన్నిటికన్నా విచిత్రమైనది నేటి రొమేనియాలోని ఒరాడియా, అంటే హంగేరియన్ల నజ్వారద్, జట్టు కథ. ఊరు హంగరీ పాలనలో ఉండగా ఆ జట్టు 1943–44 హంగరీ ఛాంపియన్ అయింది. ఆ టైటిల్ బుడాపెస్ట్ దాటి బయటి జట్టుకు దక్కడం అదే మొదలు. ఊరు రొమేనియాకు చేరిన తరువాత, 1948–49లో, అదే క్లబ్ మరో పేరుతో రొమేనియా ఛాంపియన్ అయింది. ఐదేళ్ల వ్యవధిలో, ఒకే ఊరి జట్టు, రెండు దేశాల ఛాంపియన్.

దునసెర్దహెయ్‌కు తిరిగి వస్తే, అక్కడ హంగేరియన్లు దాదాపు నాలుగింట మూడు వంతులు. మిగిలిన నాలుగో వంతులో స్లొవాక్‌లే ఎక్కువ. దేశంలో అధిక సంఖ్యాకులైన ఆ స్లొవాక్‌లు ఈ ఊళ్లో, ఈ గ్యాలరీలో అల్ప సంఖ్యాకులు. పాట వారి భాషలో లేదు. కాని ఊరి పేరు ఏ భాషలో పలికినా 'డీ' అక్షరంతోనే మొదలవుతుంది. 'సీ' అక్షరాన్ని హంగేరియన్లూ స్లొవాక్‌లూ కూడా 'త్స' అనే పలుకుతారు. అందువల్ల పాట ముగిసి, డప్పు మళ్లీ మొదలై, జట్టు పేరును అరిచే వేళకు గ్యాలరీలో ఏ మూల నుంచి లేచిన గొంతైనా దాన్ని దాదాపు ఒకే తీరుగా పలుకుతుంది: డాత్స్.