పిల్లవాడి నోటి నుంచే పాఠం

గిడుగు వెంకట రామమూర్తి పేరు చెప్పగానే వాడుక భాషా ఉద్యమం గుర్తొస్తుంది. ఉద్యమానికి ముందే ఆయన బడి మేస్టారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకుని, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగానికి చేరారు. పిల్లవాడి మాట నుంచే పాఠం మొదలుపెట్టే పద్ధతి అక్కడే ఆయన చేతిలో రూపుకట్టింది.

ఆ పద్ధతిలో చెప్పేవాడు ముందు నేర్చుకోవాలి. కొండ దిగి వచ్చే సవర గిరిజనుల మాట మేస్టారి చెవిన పడింది. అప్పటికి దానికి లిపి లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కో మాటా అడిగి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగితే మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. అయినా ఆ భాషను వినడం మానలేదు.

చెవి తర్వాతే అక్షరం. గొంతులో గాలిని ఠక్కున ఆపి పలికే ధ్వని సవరలో ఉంది. మన అక్షరమాలలో దానికి గుర్తు లేదు. వాక్యం పోకడ కూడా వేరు. ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అని మనం మూడు మాటల్లో చెప్పేదాన్ని, పులినీ నిన్నూ క్రియలోనే కలుపుకుని సవర ఒక్క మాటలో చెప్పగలదు. ఈ మాటతో పెరిగిన పిల్లవాడికి నేరుగా తెలుగు వాచకం ఇస్తే, తెలివి ఉండీ మొద్దుగా కనిపిస్తాడు. లోపం పిల్లవాడిలో లేదు, పాఠంలో ఉంది.

అందుకే ఆయన సవరల పాటలూ కథలూ సేకరించారు, వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. తెలుగు పిల్లల విషయంలోనూ ఆయన కొలత మారలేదు. నోట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష ఎందుకని విద్యాధికారి యేట్స్ అడిగినప్పుడు, ఆ ప్రశ్న విలువ ఆయనకు వెంటనే తెలిసింది.

రాజకీయం మాత్రం ఆయనకు చేదే మిగిల్చింది. పర్లాకిమిడిని ఒడిశాలో కలపవద్దని పోరాడారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి అందులోకి పోయింది. అర్ధశతాబ్దం బతికిన ఊరు వదిలి, డెబ్బై దాటిన వయసులో రాజమండ్రి చేరారు. ఊరు పోయినా పని పోలేదు. 1931లోనే ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఊరు విడిచిన రెండేళ్ళకు, 1938లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు.

సరిహద్దు గీత సవర కొండల్ని రెండు రాష్ట్రాలకు పంచింది. గీతకు ఇటూ అటూ వినిపించేది అదే సవర మాట. నాటి వాదోపవాదాలు కాగితాల్లో మిగిలాయి. మేస్టారి పద్ధతి బతికే ఉంది. సవరతో సహా గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చిన మన రాష్ట్ర ప్రయత్నం ఆ దారిలోనిదే.

ఏటా ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పండుగ సీతంపేట కొండల దాకా వెళ్ళాలి. అక్కడ బడిలో అడుగుపెట్టే ప్రతి సవర బిడ్డకూ మొదటి పాఠం సవరలో చెప్పగల మేస్టారిని ఇవ్వండి. గిడుగు మేస్టారు కోరుకున్నది అదే.