వంతెన కింది బావులు

రైలు వంతెనల చరిత్ర రాసేవాళ్లు ఇనుప గర్డర్లతో మొదలుపెట్టి ఇంజనీరు పేరుతో ముగిస్తారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవలాక్ వంతెననే తీసుకుందాం. 1897లో పని మొదలైంది, 1900లో రైలు నడిచింది. 56 ఖానాలు. కట్టించింది వాల్టన్ అనే ఇంజనీరు, పెట్టింది మద్రాసు గవర్నరు పేరు. 1997 దాకా బండ్లను మోసింది. ఇవన్నీ నిజాలే. అయితే ఈ నిజాలు నీటిమట్టం దగ్గరే ఆగిపోతున్నాయన్నది మా అభ్యంతరం.

నీటి కింద బావులున్నాయి. ఇసుక నదిలో అంత తేలిగ్గా రాయి తగలదు. అందుకని గుండ్రంగా బావిగోడ కట్టి, లోపలి ఇసుక తోడేస్తారు. గోడ తన బరువుకే కిందికి దిగుతుంది. దిగేకొద్దీ పైన గోడ పెంచుతారు. గట్టి నేల అందాక లోపల పూడ్చి, దాని మీద స్తంభం లేపుతారు. ఇసుకలో పునాది నిలబెట్టే ఈ విద్య ఓడెక్కి రాలేదు. ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని ఆర్థర్ కాటనే ఒప్పుకున్నాడు.

'దేశస్థులు' అంటే ఎవరు? ఆ మాటలో కులం కనబడదు. దాన్ని పట్టుకుని 'భారతీయ విజ్ఞానం' అని మురిసిపోయేవాళ్లూ అడగరు. శ్రమను మధ్యలో పెట్టి రైల్వే చరిత్ర రాయొచ్చని ఇయాన్ కెర్ 1995లో చూపించాడు. మట్టిపని చేసిన వడ్డెరలు ఆ పుస్తకంలో ఉన్నారు. మనవాళ్లు అక్కడి నుంచి ముందుకు పోవాలి గదా. రైలు పనికి కూలికెళ్లిన మాల మాదిగలను ఊరబావి దగ్గరికి రానీయని సమాజానికి, పునాది దగ్గర వాళ్ల చేతులు అంటు కాలేదు. వంతెన చరిత్ర ఈ ప్రశ్న వేయకపోతే అది సగం చరిత్రే.

మద్రాసు-రాయచూరు లైను 1871కి పూర్తయింది. మన కడప జిల్లాలో అది పాపాఘ్నిని, చిత్రావతిని దాటుతుంది. మద్రాసు రైల్వే కంపెనీ పెట్టుబడికి సర్కారు 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. లోటొస్తే ఈ దేశపు రాబడిలోంచే పూడ్చింది. కూలికి మాత్రం ఏ హామీ లేదు. పైగా 1877 కరువులో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు పౌను ధాన్యం లెక్కకు దించేశాడు. వాటాదారుడి వడ్డీ, కూలివాని గింజలు పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ కాలపు 'ప్రగతి' అర్థమవుతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విద్యార్థులకు ఇది దగ్గరి పని. ఈ ఊళ్లు పాత లైను మీద లేవు. రైలెక్కాలంటే ఎర్రగుంట్లకో ముద్దనూరుకో పోవాల్సి వచ్చేది. ఆ స్టేషన్ల చుట్టుపక్కల వడ్డెర ఇండ్లల్లో, మాల మాదిగ పల్లెల్లో తాతల పనుల గురించి అడగండి. పనిముట్ల పేర్లు, మేస్త్రీల దౌర్జన్యం, వలసపోయిన దారులు రాసుకోండి. గర్డర్ల లెక్క ఎట్లాగూ రైల్వే దస్త్రాల్లో ఉంటుంది. ఈ లెక్క రాయాల్సింది మనమే.