తట్టితే పాడే పెట్టె

“తడితే పాడుద్దండి, వదిలేత్తే మూగబోద్దండి.” గోనెసంచిలో చుట్టిన ఆంప్లిఫైయర్‌ను బల్ల మీద పెడుతూ మైకుసెట్టు కుర్రాడు చెప్పింది అంతే. కొల్లేరు లంక నుంచి ఏలూరు దాకా దాన్ని ఒళ్లో పెట్టుకొనే వచ్చాడు. ఫాల్గుణం దగ్గరపడుతోంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర మొదలైతే ఆ చుట్టుపక్కల మైకుసెట్టుకు ఊపిరాడదు.

రిపేరు మేస్త్రి వెంటనే మూత విప్పలేదు. “ఎక్కడ తడితే పాడుతోందిరా అబ్బాయ్?” అని అడిగాడు. కుర్రాడు మైకు పిన్ను గుచ్చే సాకెట్ల వైపు చూపించాడు. సగం జబ్బు అక్కడే దొరికింది.

పాత ఆడియో సెట్లలో బోర్డు ఎక్కడ పడితే అక్కడ చీలదు. సాకెట్ల మొదట్లోనో, వాల్యూం కంట్రోలు కిందో, మూలనున్న స్క్రూ రంధ్రం దగ్గరో చీలుతుంది. పందిట్లో ఎవరి కాలికో మైకు వైరు తగిలితే ఆ లాగుడంతా సాకెట్ ద్వారా బోర్డు మీదే పడుతుంది. పైగా ఆ రోజుల సెట్లలో ఎక్కువగా కనిపించే గోధుమరంగు బోర్డు నిజానికి కాగితమే. కాగితం పొరల్ని ఫినాలిక్ రెసిన్‌లో తడిపి, వేడి మీద గట్టిగా ఒత్తి చేస్తారు. మందం సాధారణంగా 1.6 మిల్లీమీటర్లు. దానికి అతికించిన రాగి పొర 35 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో సగం. కాగితం గనక చెమ్మ పీలుస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. తమ్మిలేరు, బుడమేరు వచ్చి కలిసే కొల్లేరు పక్కన చెమ్మకు కరువేముంది?

1936లో లండన్‌లో పాల్ ఐస్లర్ అనే ఇంజినీరు వైర్ల బదులు రాగి గీతలతో రేడియో తయారుచేశాడు. అంతకుముందు వైరు తెగితే కంటికి కనిపించేది. గీత తెగితే అంత తేలిగ్గా కనిపించదు. అందుకే ఈ పనిలో కష్టమంతా వెతకడంలోనే ఉంది.

మేస్త్రి ప్లగ్గు పీకి, ఫిల్టర్ కెపాసిటర్లలో మిగిలిన కరెంటును దించేశాడు. బోర్డు వెనక టార్చి పెట్టాడు. గోధుమరంగు పలకలో వెలుగు ఎర్రగా పరుచుకుంది. దాని మధ్య సాకెట్ కాలి నుంచి స్క్రూ రంధ్రం దాకా ఒక సన్నని తెల్లగీత కనిపించింది. ఆ దారిలో అయిదు ట్రాకులు, అంటే రాగి గీతలు, తెగాయి. తట్టినప్పుడల్లా వాటి అంచులు క్షణంసేపు ఒకదానికొకటి తగిలేవి, పెట్టె పాడేది.

ఇక్కడే తొందరపడేవాళ్లు పొరపాటు చేస్తారు. తెగినచోట సీసం బొట్టు వేసి మూత బిగించేస్తారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక టూ ఇన్ వన్‌కు అదే జరిగింది. కువైట్ వెళ్లిన ఇంటి ఆడపడుచు తెచ్చిన సెట్టు అది. ఎవరో వేసిన సీసం బొట్లన్నీ నిగనిగలాడుతూనే ఉన్నాయి, ఒక్కోదాని నడుమ మాత్రం వెంట్రుకంత చీలిక. సీసం రెండు లోహాల్ని అతుకుతుంది కానీ, వంగే బోర్డును పట్టి ఉంచలేదు. పట్టి ఉంచేది పలకే. ముందు అతకాల్సింది దాన్నే.

అందుకని మేస్త్రి చీలిక కొసన చిన్న రంధ్రం వేశాడు, చీలిక ఇంకా పాకకుండా. స్పిరిటు దూదితో అంచులు తుడిచి, అరాల్డైట్ పూసి, క్లిప్పు పెట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దున్నే బ్లేడుతో ఒక్కో ట్రాకు మీద పూతను అటూ ఇటూ నాలుగైదు మిల్లీమీటర్లు గీకాడు. ఎర్రటి రాగి బయటపడింది. దానికి పలచగా సీసం పట్టించి, రెసిస్టర్ల నుంచి కత్తిరించి డబ్బాలో దాచుకున్న కాళ్లను చీలిక మీద వంతెనల్లా పరిచి అతికాడు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనించలేదు. కాగితం బోర్డు మీద వేడి ఎక్కువైతే ట్రాకే లేచి వస్తుంది. సాకెట్ కాలి దగ్గర అప్పటికే రాగి ఊడిపోయింది. అక్కడ మాత్రం తొడుగున్న వైరును ఈ చివరి నుంచి ఆ చివరికి వేశాడు. తర్వాత మల్టీమీటర్ అయిదుసార్లు కూసింది.

కరెంటు నేరుగా ఇవ్వలేదు. 100 వాట్ల బల్బును సిరీస్‌లో పెట్టి స్విచ్ వేశాడు. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి సెట్టును కాపాడుతుంది. అది ఒక్కసారి మెరిసి మందగించింది. స్పీకర్లో సన్నని గుర్రుమనే శబ్దం, ఆ వెంటనే కుర్రాడి “హలో, మైక్ టెస్టింగ్”. మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో సాకెట్ల దగ్గర తట్టాడు. గొంతు తెగలేదు.

ఇలాంటి బోర్డు మళ్లీ కొనాలంటే దొరకదు. ఇంకో చచ్చిన సెట్టులోంచి పీకి తేవాల్సిందే. అదీ అంతే పాతది, అంతే పెళుసుది. చీలిన బోర్డుకు ఒక రాత్రీ ఒక పూటా కేటాయించే మనిషి ఊళ్లో ఉన్నంతకాలమే ఈ పెట్టెలు పాడతాయి. ఆ ఓపికకు గిరాకీలు ఇచ్చే కూలి మాత్రం, తరచుగా, కొత్త ప్లగ్గు ఖరీదుకు మించడం లేదు. ఇది బాధపడాల్సిన సంగతి.

మూత బిగించే ముందు మేస్త్రి పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి సాకెట్ల వెనక దూర్చాడు. మైకు వైరును పెట్టె పిడికి ఒక చుట్టు తిప్పి ముడివేశాడు. “ఇకమీద ఎవరు తన్నినా ముడి లాగుద్ది, సాకెట్ కాదు. జాతరయ్యాక ఓసారి తీసుకురా.” కుర్రాడు తలూపి, పెట్టెను మళ్లీ గోనెసంచిలో చుట్టాడు.