తరంగంబాడిలో ఛాయాచిత్ర విహారము

మార్గదర్శి వెంట పురాతన పట్టణములలో నడచుచు, అచ్చటచ్చట నిలిచి రూపచిత్రములు తీయించుకొనుట నేటి వేడుక. తమిళనాట సముద్రతీరమునగల తరంగంబాడిలో మేమట్టి విహారమొకటి చేసితిమి. దాని గుణదోషములను సోదరులకు విన్నవించెదము.

చిత్రకారుని పనితనము మెచ్చదగినదే. అది తూర్పుతీరము, ఉదయమున కడలిని వెనుక నుంచుకొని నిలిచినచో మొగము నీడలో పడును. ఆతడది యెఱిగి, ప్రొద్దుట డాన్స్‌బోర్గ్ కోటగోడ ముందు నిలిపి, కడలి చిత్రములను సాయంకాలమునకు వాయిదా వేసెను.

లోపము మాటలలో నున్నది. డేనులు 1620లో వచ్చిరనియు, 1845లో ఆంగ్లేయుల కమ్మిరనియు చెప్పెనేగాని, వారితో ఒడంబడిక చేసికొని కోట కనుమతించిన తంజావూరు ప్రభువు రఘునాథనాయకుని పేరైన నెత్తడయ్యెను. ఆ రాజు తెలుగున కావ్యములు రచించినవాడు. ఆతని కొలువు తెలుగు కవుల కాటపట్టు. అలలు ముందుభాగమును హరించిన మాసిలామణినాథాలయము సైతము అందమైన తెరయేగాని కథలేని దయ్యెను. మన పిల్లలు ఆ గోడముందు పరాయివారివలె నిలిచిరి.

రూపచిత్రమున మొగము తేటపడిన చాలదు. నిలిచిన నేల కథయు తెలియవలెను. కావున అట్టి చిత్రములను అచ్చువేయించి, వెనుక ఊరి పేరు, తేది, రఘునాథుని ప్రస్తావన తెలుగున వ్రాసియుంచుడని మా మనవి. పొరుగునాట తరములు గడచిన యిండ్లలో మనుమలకు ఆ రెండు పంక్తులే ఆధారము.