పాత డబ్బా, కొత్త పెన్‌డ్రైవ్

పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే గజ్వేల్‌లో పాత కంప్యూటర్ల జబ్బులన్నీ ఒక్కసారి బయటపడతాయి. ఏడాదంతా మూలుగుతూ నెట్టుకొచ్చిన డీటీపీ షాపు సిస్టం, శుభలేఖల గిరాకీ ఊపందుకోగానే మొండికేస్తుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అని పట్నం నుంచి వచ్చిన చుట్టాలు సులువుగా అనేస్తారు. పేజ్‌మేకర్ సంగతి వాళ్లకు తెలియదు. అడోబీ 2001లో పేజ్‌మేకర్ 7 తెచ్చి, ఆ తర్వాత కొత్త వెర్షన్ తేలేదు. మన దగ్గర మాత్రం శుభలేఖ, కరపత్రం, దశదిన కర్మ కార్డు ఇవాళ్టికీ చాలా షాపుల్లో అందులోనే, అను ఫాంట్లతోనే తయారవుతాయి. ఏళ్ల తరబడి దాచిన ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి ఫైలును అవి లేని ఇంకో సిస్టంలో తెరిస్తే పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. అందుకే 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీని వదిలేసినా మన షాపులవాళ్లు వదల్లేదు. ఆ ఎక్స్‌పీ కోసమే పాత డబ్బాను బతికించుకుంటున్నారు.

ఆ డబ్బా పడుకున్న రోజున రిపేరు కుర్రాడు వస్తాడు. అతని జేబులో ఒక పెన్‌డ్రైవ్, అందులో సమస్తం: ఎక్స్‌పీ, సెవెన్, టెన్, రెండు మూడు లినక్స్‌లు, పాస్‌వర్డ్ తీసేది, హార్డ్‌డిస్క్ పరీక్షించేది. ఒకప్పుడు మేము సీడీల సంచీ మోసుకు తిరిగేవాళ్లం. 2020లో వెంటోయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక సంచీ అవసరం తీరింది. పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్ఓ ఫైళ్లను, అంటే సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినవాటిని, మామూలుగా కాపీ చేసుకుంటే చాలు, సిస్టం ఆన్ చేయగానే వాటన్నిటి జాబితా వస్తుంది, కావలసినది ఎంచుకోవడమే. దానికంటే ముందు ఇదే పనికి యూమీ, ఈజీటుబూట్ ఉండేవి. ఈ పనిముట్ల మీద నాకు ఫిర్యాదు లేదు. రోజూ వాడతాను. కానీ అవి పాత సిస్టం దగ్గర మొరాయించినప్పుడు వచ్చే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే.

‘‘అన్నా, గీ పెన్‌డ్రైవ్ నా లాప్‌టాప్ల మంచిగనే ఎక్కుతది. గిండ్ల ఎందుకు ఎక్కుతలేదే?’’

ఆ వెంటనే తీర్పు కూడా అతనే ఇచ్చేస్తాడు: మదర్‌బోర్డు పోయింది. ఈ తీర్పు మీదే నా పేచీ. మదర్‌బోర్డు పూర్తిగా పోతే తెర మీద అక్షరమే రాదు. తెర మీద ఏదో ఒక ముక్క కనబడుతోందంటే సిస్టం తన వంతు పని కొంత చేసిందన్నమాట. ఎంతవరకు చేసి ఎక్కడ ఆగిందో చూడాలి. ఆగిన చోటును బట్టి రోగం మారుతుంది, మందూ మారుతుంది. మన కుర్రాళ్లు చేసేదేమో, ఎక్కడ ఆగినా సరే, పెన్‌డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ కొట్టి మళ్లీ అదే తయారు చేయడం.

పాత సిస్టం ఆన్ చేయగానే నిద్రలేచేది బయాస్. 1981లో ఐబీఎం పీసీతో పాటు పుట్టిన ఈ ఏర్పాటుకు ఫైళ్లూ ఫోల్డర్లూ తెలియవు. డిస్క్ మొదట్లో ఉన్న 512 బైట్లను (ఎంబీఆర్) చదువుతుంది, అంతే. అందులో మొదటి 446 బైట్లు ప్రోగ్రాము, తర్వాతి 64 బైట్లు పార్టిషన్ల పట్టిక, చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే సంతకం. సంతకం కనబడితే పగ్గాలు ఆ చిన్న ప్రోగ్రాముకు అప్పజెప్పేస్తుంది. ఇంతటి పెద్ద విండోస్ అయినా ఆ 446 బైట్ల సందులోంచే లోపలికి రావాలి.

బయాస్‌ను తయారుచేసినప్పుడు పెన్‌డ్రైవ్ అనే వస్తువే లేదు. ఫ్లాపీ తెలుసు, హార్డ్‌డిస్క్ తెలుసు. సీడీ నుంచి బూట్ అయ్యే పద్ధతి 1995 దాకా ఒక కొలిక్కి రాలేదు. ఆ పద్ధతికి ఎల్ టొరిటో అని పేరు. కాలిఫోర్నియాలో ఆ పేరున్న హోటల్లో కూర్చుని ఇద్దరు ఇంజినీర్లు దాన్ని ఆలోచించారని చెప్పుకుంటారు. పెన్‌డ్రైవ్‌లు బజారుకు వచ్చింది 2000 ప్రాంతంలో. అప్పుడు బయాస్ కంపెనీలు దాన్ని ఏ వర్గంలో పడేయాలో తేల్చుకోలేక అన్ని వర్గాల్లోనూ పడేశాయి. పాత అవార్డ్ బయాస్‌లోకి వెళ్లి చూడండి, యూఎస్‌బీ ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ జిప్, యూఎస్‌బీ సీడీరామ్, యూఎస్‌బీ హెచ్‌డీడీ అని వరసగా ఉంటాయి. మీ పెన్‌డ్రైవ్ వీటిలో ఏదో మీరు కాదు, బయాసే నిర్ణయిస్తుంది. కొన్ని బయాస్‌లు పట్టికలో ఒకే పార్టిషన్ కనబడితే దాన్ని ఫ్లాపీ కిందో జిప్ కిందో జమకట్టేస్తాయి. అప్పుడు లెక్కలన్నీ తప్పి, నల్ల తెర మీద గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది. చివర్లో ఇంకో చిన్న ఉత్తుత్తి పార్టిషన్ చేరిస్తే అదే బయాస్ దాన్ని హార్డ్‌డిస్క్‌గా ఒప్పుకుంటుంది. బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ సాఫ్ట్‌వేర్‌లో పాత బయాస్‌ల సవరణలంటూ ఒక టిక్కు గడి పెట్టింది ఇలాంటి వాటి కోసమే. ఆ గడిని చూసినవాళ్లే తక్కువ, టిక్కు పెట్టినవాళ్లు ఇంకా తక్కువ.

అసలు బూట్ జాబితాలో పెన్‌డ్రైవ్ పేరే రాకపోతే అది వేరే కథ, చాలాసార్లు చిన్న కథ. ఎఫ్12 నొక్కితే వచ్చే జాబితాలో యూఎస్‌బీ అని విడిగా కనబడదు. హార్డ్‌డిస్క్ అనే వరుస లోపలికి వెళ్తే అసలు డిస్క్ కింద దాక్కుని ఉంటుంది. ముందువైపు పోర్టులు వదిలేసి వెనకాల మదర్‌బోర్డుకే అతుక్కుని ఉన్న పోర్టులో పెట్టాలి. 2010, 2011 నాటి బోర్డుల్లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులు విడి చిప్పు మీద నడిచేవి, వాటి నుంచి బూట్ చేయడం చాలా బయాస్‌లకు చేతకాదు. నల్ల పోర్టులోకి మార్చితే పని అయిపోతుంది. దీనికి డబ్బులు తీసుకోవడానికి నాకే మొహమాటం.

ఇక 137 జీబీ గొడవ. కుర్రాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఇదే కాబట్టి కాస్త ఆగి చెబుతాను. పాత బయాస్‌లలో కొన్ని డిస్క్ మీద చోటును 28 బిట్ల అంకెతో లెక్కపెడతాయి. ఒక్కో గడి 512 బైట్లు. గుణిస్తే 137 జీబీ దగ్గర లెక్క అయిపోతుంది, ఆపైన డిస్క్ ఉన్నా బయాస్‌కు లేనట్టే. ఇంకా పాతవాటికి 8.4 జీబీ దగ్గరే ఆఖరు. వెంటోయ్ ఏం చేస్తుందంటే, పెన్‌డ్రైవ్‌లో ముందు భాగమంతా మీ ఐఎస్ఓలకు వదిలి, తన సొంత సామాను 32 ఎంబీల చిన్న పార్టిషన్‌గా చిట్టచివర పెట్టుకుంటుంది. ఇప్పుడు 256 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. మొదటి 512 బైట్లు బయాస్ చదివింది, సంతకం చూసింది, పగ్గాలిచ్చింది. వెంటోయ్ తన సామాను కోసం చివరికి చెయ్యి చాపింది. అక్కడ బయాస్‌కు ఏమీ కనబడదు. ఈ దశలో డిస్క్ చదవడానికి వెంటోయ్‌కు బయాస్ తప్ప వేరే దిక్కు లేదు. మెనూ కూడా రాకుండానే ఎర్రర్ పడుతుంది. అదే కుర్రాడి దగ్గర 128 జీబీది ఉంటే నడుస్తుంది, దాంతో కొత్త పెన్‌డ్రైవ్ డూప్లికేటని షాపువాడి మీదికి పోతాడు. పెన్‌డ్రైవ్ బంగారంలాంటిదే. వెంటోయ్ ఎక్కించేటప్పుడే చివర కొంత చోటు ఖాళీగా వదలమని చెప్పే వీలుంది. అలా వదిలితే దాని సామాను 137 జీబీ హద్దుకు ఇవతల పడుతుంది, అదే పాత డబ్బా మెనూ చూపిస్తుంది.

అందరూ ఇక్కడిదాకా వచ్చి ఊపిరి పీల్చుకుంటారు. మెనూ వచ్చింది, పేరు ఎంచుకున్నారు, ఏవో అక్షరాలు గబగబా పరుగెత్తాయి, ఠక్కున ఆగిపోయింది. సీడీ దొరకలేదంటుంది, డ్రైవర్ లేదంటుంది. అప్పటిదాకా సీడీలోంచే వచ్చిన మనిషి సీడీ ఎక్కడ అని అడగడమేమిటి? జరిగేది ఇది. ఇలా చాలా ఓఎస్‌లు ఉన్న మల్టీబూట్ పెన్‌డ్రైవ్ ఒక ఐఎస్ఓ ఫైలును సీడీలాగా బయాస్ ముందు నటింపజేస్తుంది. విండోస్ గానీ లినక్స్ కెర్నెల్ గానీ లేచి నిలబడగానే బయాస్‌ను పక్కకు నెట్టి తన సొంత డ్రైవర్లతో చూడటం మొదలుపెడుతుంది. సిద్దిపేట బస్సులో వచ్చి ప్రజ్ఞాపూర్‌లో దిగి ఇంకో బస్సెక్కినవాడి దగ్గర కొత్త కండక్టరు పాత టికెట్ ఒప్పుకుంటాడా? అంతే. కెర్నెల్‌కు నిజంగా కనబడేది ఒక పెన్‌డ్రైవ్, అందులో ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలే తన ఇల్లని దానికి ఎవరో చెప్పాలి. వెంటోయ్ చాలా లినక్స్‌లకు ఆ కబురు తానే చెవిన వేస్తుంది. పాత పనిముట్లలో ఆ ముక్కను మెనూ ఫైలులో చేత్తో రాసుకోవాలి. విండోస్ సెవెన్‌కైతే యూఎస్‌బీ 3 డ్రైవరే పుట్టుకతో లేదు. అందుకే నీలం పోర్టులో పెడితే ఇన్‌స్టాల్ మొదటి తెర దగ్గరే డ్రైవర్ లేదని మొత్తుకుంటుంది.

ప్రాసెసర్ సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. తొలినాళ్ల పెంటియం ఫోర్ మీద 64 బిట్ లినక్స్ ఎక్కించబోతే, ఇది ఐ686 మాత్రమేనని తెర మీద స్పష్టంగా రాసి ఆగుతుంది. చదివితే చాలు. మనవాళ్లు ఆ ఒక్క వాక్యాన్ని ఫోటో కూడా తీయకుండా పవర్ బటన్ నొక్కేస్తారు. ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ సిస్టాల కోసం ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. వాటికి డెబియన్ 12 గానీ యాంటిఎక్స్, పప్పీల్లో 32 బిట్‌వి గానీ దిక్కు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు మెనూలతో లినక్స్‌ను జనంలోకి తీసుకెళ్లడానికి చాలా కష్టపడ్డారు. చదువుకునే పిల్లలకు, ఇంట్లో అవసరాలకు లినక్స్ భేషుగ్గా సరిపోతుంది. డీటీపీ షాపుకు మాత్రం నేను సిఫారసు చేయను. పేజ్‌మేకర్ లేని సిస్టం ఆ సేటుకు ఎందుకూ కొరగాదు, ఆయన ముందు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొప్పదనం చెప్పి లాభం లేదు.

ఓపిక కూడా ఒక మరమ్మతే. యూఎస్‌బీ 2 వేగం సెకనుకు 480 మెగాబిట్లు. కొన్ని పాత బయాస్‌లు దాన్ని 1.1 కాలంనాటి 12 మెగాబిట్ల మీదే లాగుతాయి. సెకనుకు ఒకటిన్నర మెగాబైట్‌కు మించి రాదు. ఐదు వందల ఎంబీల విండోస్ ఫైలు మెమరీలోకి ఎక్కాలంటే తక్కువలో తక్కువ ఐదున్నర నిమిషాలు. కదలకుండా ఉన్న తెరను చూసి హ్యాంగ్ అయిందనుకుని పెన్‌డ్రైవ్ పీకేసినవాళ్లు ఎందరో. వెళ్లి చాయ్ తాగి రండి, నిజంగానే.

అన్నిటికంటే ముందు చూడాల్సినది, అందరూ ఆఖరున చూసేది, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు. సీఆర్ 2032, మూడు వోల్టులు. అది చచ్చిపోతే స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది, మీరు పెట్టిన బూట్ వరుసా పోతుంది. రాత్రి నడిచిన పెన్‌డ్రైవ్ పొద్దున నడవదు. పైగా సాటా సెట్టింగు ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి తిరిగిపోతే, చక్కగా ఉన్న విండోస్ కూడా 7బి నంబరు నీలి తెర వేసి పడుకుంటుంది. హార్డ్‌డిస్క్ పోయిందని ఎవరో ఒకరు కొత్తది అమ్ముతారు. అదే చౌరస్తాలో గడియారాల షాపులో ఆ సెల్లు దొరుకుతుంది.

ఏం చేసినా పెన్‌డ్రైవ్ నుంచి లేవని సిస్టాలూ ఉంటాయి. వాటికి ప్లాప్ బూట్ మేనేజర్ అని చిన్న సాధనం ఉంది. ఎల్మార్ హాన్ల్‌హోఫర్ అనే ఆస్ట్రియా ఆయన రాశాడు. సీడీలోనో ఫ్లాపీలోనో పెట్టి లేపితే తన సొంత యూఎస్‌బీ డ్రైవరుతో పెన్‌డ్రైవ్‌ను చదివి పగ్గాలు దానికిస్తుంది. బయాస్‌ను బతిమాలే పనే ఉండదు. కాకపోతే సీడీ డ్రైవు ఉండాలి. ఇప్పుడు అది దొరకడమే కష్టం. సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్క్‌లేన్‌లోని సీటీసీలో పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర వెతుకుతుంటాను. 2023 అక్టోబరులో సిద్దిపేట రైలు మొదలయ్యాక గజ్వేల్ నుంచి ఆ ప్రయాణం చవకైంది కూడా.

నా మట్టుకు నేను పాత సిస్టాల దగ్గరికి ఆ సమస్తం ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకుపోవడం మానేశాను. 8 జీబీది ఒకటి విడిగా పెట్టుకున్నాను. ఎంబీఆర్ పద్ధతి, ఫ్యాట్32, ఒకసారికి ఒకే ఓఎస్. అన్నీ ఒకే దాంట్లో ఉండాలన్న మోజు కొత్త లాప్‌టాప్‌లకు చెల్లుతుంది. విండోస్ టెన్‌కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. లెవెన్‌కు టీపీఎం 2 అడుగుతున్నారు. కాబట్టి పదేళ్లయినా నిండని సిస్టాలు కూడా ఈ పాత వరుసలోకి వచ్చి చేరుతున్నాయి. ఈ పని నేర్చుకున్న కుర్రాడికి గజ్వేల్‌లో ఇంకొన్నేళ్లు గిరాకీ తగ్గదని నా లెక్క.

షాపులవాళ్లకు ఒక్క విన్నపం. సిస్టం రిపేరుకు పంపేముందు అను ఫైళ్లూ పేజ్‌మేకర్ ఫైళ్లూ ఏ డ్రైవులో, ఏ ఫోల్డరులో ఉన్నాయో కాగితం మీద రాసి డబ్బాకు అతికించండి. డెస్క్‌టాప్ మీద పెట్టినవి వేరే ఎక్కడో ఉన్నాయనుకుంటున్నారు చాలామంది. మీరు ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప అవి సీ డ్రైవులోనే ఉంటాయి, ఫార్మాట్ కొడితే ముందుగా పోయేవి అవే.